‘మేము’ ఎప్పుడు ‘మనం’ అవుతుంది?

షెరీ డిమలైన్ నవల ‘ద మారో థీవ్స్’లో, అడవిలో నడుస్తూ బతికే ఓ చిన్న గుంపు ఉంటుంది. ఆ గుంపుకి ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటుంది. ఎవరు ఎక్కణ్నుంచి వచ్చారు, ఎవర్ని పోగొట్టుకుని వచ్చారు, మొహం మీద ఆ మచ్చ ఎలా పడింది, ఇవేవీ ఎవరూ అడగరు. ఎవరి కథ వాళ్ళది. చెప్పాలనిపించిన రోజున వాళ్ళే చెప్తారు. ఆ రోజు మిగతావాళ్ళు కూర్చుని వినాలి. అంతే.

ఇంగ్లిష్‌లో వీటికి ‘కమింగ్-టు స్టోరీ’ అని పేరు పెట్టారు రచయిత్రి. కొన్ని అధ్యాయాల పేర్లు కూడా అవే. తెలుగులో ఏమనాలి? ‘వచ్చిన కథ’ అంటే సగమే. ఒక చోటికి చేరడం, స్పృహలోకి రావడం, రెండూ ఉన్నాయి ఆ మాటలో. నచ్చిన పుస్తకంలోంచి ఒక అధ్యాయం తెలుగు చేసుకోవడం నాకో అలవాటు. అచ్చుకి కాదు, పుస్తకం ఇంకాస్త అర్థమవుతుందని. ఈ నవలతో కూడా అలాగే మొదలుపెట్టాను. శీర్షిక దగ్గరే ఆగాల్సొచ్చింది. తర్వాత అంతకంటే చిన్న మాట దగ్గర, ‘వి’ అనే రెండక్షరాల ఇంగ్లిష్ మాట దగ్గర, ఇంకా ఎక్కువసేపు ఆగాల్సొచ్చింది. దాని సంగతి చెప్పేముందు కథ కొంచెం చెప్పాలి. (నవల చదవబోయేవాళ్ళకి హెచ్చరిక: ముఖ్యమైన మలుపులు కొన్ని ముందే చెప్పేస్తున్నాను.)

కథ జరిగేది రాబోయే కాలపు కెనడాలో. వాతావరణం పూర్తిగా పాడైపోయింది. తీరాలు మునిగాయి, పెద్ద సరస్సులు విషమయ్యాయి, నీళ్ళ కోసం యుద్ధాలు జరిగాయి. మిగిలిన జనానికి ఇంకో జబ్బు పట్టుకుంది. కలలు రావడం ఆగిపోయింది. కలల్లేక పిచ్చెక్కిపోతున్నారు. ఆదివాసులకి మాత్రం ఇంకా వస్తున్నాయి. ఆ కలలు వాళ్ళ ఎముకల మూలుగలో ఉన్నాయని తేల్చుకున్న ప్రభుత్వం మొదట సలహా అడిగింది, తర్వాత స్వచ్ఛందంగా రమ్మంది, ఆ తర్వాత పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది. పట్టుకెళ్ళే చోటి పేరు ‘స్కూలు’.

ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. కెనడాలో వందేళ్ళకు పైగా నడిచిన రెసిడెన్షియల్ స్కూళ్ళలో సుమారు 1,50,000 మంది ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి విడదీసి ఉంచారు. సొంత భాష మాట్లాడితే దెబ్బలు పడేవి. చివరి స్కూలు మూతపడింది 1990ల్లో. అంటే నా వయసువాళ్ళు ఎల్కేజీ, యూకేజీలకి వెళ్తున్న రోజుల్లో. డిమలైన్ జార్జియన్ బే ప్రాంతపు మేటీ సమాజానికి చెందినవారు. ఈ నవల 2017లో వచ్చింది, అదే ఏడాది గవర్నర్ జనరల్స్ అవార్డు, కర్కస్ ప్రైజ్ రెండూ గెలుచుకుంది. టీనేజ్ పాఠకుల పుస్తకంగా వేశారు గానీ, ఇందులో భవిష్యత్తుగా చూపించిన వాటిలో చాలా భాగం జరిగిపోయిన చరిత్రే.

ఫ్రెంచీ అనే కుర్రాడు అన్ననీ, అమ్మనీ ఈ వేటగాళ్ళకి పోగొట్టుకుని, ఒంటరిగా ఉత్తరం వైపు నడుస్తూ మిగ్వాన్స్ అనే పెద్దాయన గుంపుకి దొరుకుతాడు. అందరూ ఆయన్ని మిగ్ అంటారు. గుంపులో ఒకరికొకరు రక్తసంబంధీకులు ఇద్దరో ముగ్గురో, అంతే. మినర్వా అనే ముసలావిడకి భాష వచ్చు. మిగతావాళ్ళకి ముక్కలు ముక్కలుగా తప్ప రాదు. రోజ్ అనే అమ్మాయి మినర్వా దగ్గర ఒక్క కొత్త మాట నేర్చుకుని పైకి అంటే, ఫ్రెంచీకి అసూయ పుడుతుంది. ఆ అమ్మాయంటే ఇష్టం ఉన్నా సరే, ఆ మాట తనకి ముందు దక్కలేదే అని! నవల మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. నగలకీ, ఫోన్లకీ ఈర్ష్య పడేవాళ్ళని చూశాం. ఒక మాట కోసం ఈర్ష్య పడ్డవాణ్ణి కథల్లో నేనెప్పుడూ చూళ్ళేదు.

ఇక నేను ఆగిపోయిన చోటు. ఫ్రెంచీ తన గుంపు గురించి చెప్తూ ‘వి’ అంటాడు. ఇంగ్లిష్‌కి ఒక్కటే ‘వి’. తెలుగుకి రెండు. ‘మేము నడిచాం’ అంటే వింటున్న నువ్వు అందులో లేవు. ‘మనం నడిచాం’ అంటే ఉన్నావు. ప్రతి వాక్యం దగ్గరా అనువాదకుడు తేల్చుకోవాలి: ఈ కుర్రాడు పాఠకుణ్ణి లోపలికి రానిచ్చాడా, గుమ్మం బయటే నిలబెట్టాడా?

కాస్త వెతికితే తెలిసింది, అనిషినాబే భాషలోనూ, క్రీ భాషలోనూ ఈ తేడా ఉంది. అనిషినాబే భాషలో ‘నీనవింద్’ అంటే మేము, ‘గీనవింద్’ అంటే మనం. అంటే మినర్వా తలలో ఉన్న తేడా, నవల రాసిన ఇంగ్లిష్‌లో ఎగిరిపోయిన తేడా, తెలుగులో తేలిగ్గా తిరిగొస్తుంది. నేను ఇలా చేసుకున్నాను. ఫ్రెంచీ మనతో మాట్లాడేటప్పుడు ‘మేము’. మిగ్ రాత్రిపూట మంట దగ్గర కూర్చుని తమ జాతి చరిత్ర అంతా పిల్లలకి చెప్పేటప్పుడు ‘మనం’. ఆ చరిత్ర చిన్నపిల్లలకి పూర్తిగా వినిపించరు. ఏడేళ్ళ రీరీకి అదే ఉక్రోషం. తనని ఆ ‘మనం’లోకి ఇంకా పిలవలేదని ఆ పిల్లకి తెలుసు.

ఇలాంటి భవిష్యత్తునే చూపించే సినిమా ఒకటుంది, డానిస్ గూలే తీసిన ‘నైట్ రైడర్స్’ (2021). గూలే క్రీ-మేటీ దర్శకురాలు. 2043లో, యుద్ధం తర్వాతి దేశంలో, పిల్లలందరూ ప్రభుత్వ ఆస్తి. నిస్కా అనే తల్లి కూతురితో అడవిలో దాక్కుని బతుకుతుంటుంది. పైన డ్రోన్లు తిరుగుతుంటాయి. కూతురి కాలు ఉచ్చులో పడి, గాయం విషమించి, మందు దొరక్క, పిల్ల బతకాలంటే ప్రభుత్వానికి వదిలేయక తప్పని పరిస్థితి వస్తుంది. ఆ సన్నివేశం దాకా సినిమా నన్ను కదలనివ్వలేదు. చివర్లో మాత్రం ఆ పిల్లకున్న ఒక శక్తి వల్ల డ్రోన్లే ఆమె మాట వింటాయి. చప్పట్లు కొట్టాల్సిన చోటే గానీ, నాకు కొంచెం నిరాశగా అనిపించింది. డ్రోన్ ఎవరి మాట వింటే మాత్రం ఏం, పైనుంచి చూడటమే కదా దాని పని.

డిమలైన్ నవలలో ముగింపు వేరు. వేటగాళ్ళు మినర్వాని పట్టుకెళ్ళి యంత్రానికి తగిలిస్తారు. ఆవిడ తన భాషలో కలలు కంటుంది, తన భాషలో పాడుతుంది. యంత్రం తట్టుకోలేక కాలిపోతుంది, స్కూలు మొత్తం కూలిపోతుంది. ఇదీ అద్భుతమే, కాదనను. కానీ దీంట్లో ఒక న్యాయం ఉంది. ఏ భాషనైతే స్కూళ్ళలో కొట్టి మాన్పించాలని చూశారో, స్కూలుని కూల్చింది ఆ భాషే.

చూడటం అనే పనికి డ్రోన్లు అక్కర్లేదని కూడా కెనడా చరిత్రే చెప్తుంది. 1941 నుంచి అక్కడి ప్రభుత్వం ఇన్యుయిట్ ప్రజలకి గుండ్రటి బిళ్ళలు ఇచ్చింది. ఇన్యుయిట్ పేర్లు అధికారుల నోట పలకవు, ఇంటిపేర్లు ఉండవు, లెక్కలకి కష్టం అని. బిళ్ళ మధ్యలో కిరీటం బొమ్మ, వెనక ఒక నంబరు. తూర్పు ప్రాంతమైతే ‘ఈ’, పడమరైతే ‘డబ్ల్యూ’, తర్వాత జిల్లా అంకె, తర్వాత మనిషి అంకె. తాడు కట్టుకుని మెళ్ళో వేసుకునేవాళ్ళు. మా భాషలో చెప్పాలంటే ఇది ప్రైమరీ కీ. ఎవరికి వాళ్ళని విడిగా గుర్తుపట్టడానికి డేటాబేసులో పెట్టే అంకె. లూసీ ఇడ్లౌట్ అనే ఇన్యుక్ గాయని తన ఆల్బమ్‌కి ‘ఈ5-770, మా అమ్మ పేరు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. అంతకన్నా వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆ బిళ్ళ ఎందుకు సరిపోలేదో ఇన్యుయిట్ పేర్ల పద్ధతి చూస్తే తెలుస్తుంది. పుట్టిన బిడ్డకి చనిపోయిన దగ్గరివాళ్ళ పేరు పెడతారు. పేరుతోపాటు వరస కూడా వస్తుంది. తన తండ్రి పేరు పెట్టుకున్న కొడుకుని తల్లి ‘నాన్నా’ అని పిలవొచ్చు. పిల్లాడు ఒకరికి కొడుకు, ఇంకొకరికి భర్త, మరొకరికి అన్న. ఒక్క మనిషిలో నాలుగు వరసలు. ఏ టేబుల్లో పెడతారు దీన్ని?

తెలుగు ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది అంత వింతగా ఏమీ ఉండదు. నాకు మా తాతయ్య పేరు పెట్టారు. మా నాన్నమ్మ జీవితంలో ఒక్కసారి కూడా నన్ను పేరుతో పిలవలేదు. ‘నాయనా’ అనేది, కోపం వస్తే ‘ఏమయ్యా’ అనేది. జనాభా లెక్కలవాళ్ళో, రేషన్ కార్డువాళ్ళో వచ్చి భర్త పేరు అడిగితే పక్కనున్న నన్ను మోచేత్తో పొడిచేది, నువ్వు చెప్పు అని. నేను నా పేరు చెప్పేవాణ్ణి, ఆయన రాసుకునేవాడు. మొగుడి పేరు పలకకూడదనే ఆ కట్టుబాటు వెనకున్న పెత్తనం నాకు తెలియంది కాదు, దాన్ని నెత్తిన పెట్టుకోను. కానీ ఒక పేరులో ఎంతమంది ఉండొచ్చో నాకు మొదట తెలిసింది మాత్రం ఆ మోచేతి పోటుతోనే.

బిళ్ళల కాలంలోనే ఇంకోటి జరిగింది. 1953లోనూ 1955లోనూ కెనడా ప్రభుత్వం ఉత్తర క్విబెక్‌లోని ఇనుక్జుఆక్ నుంచి ఇన్యుయిట్ కుటుంబాల్ని సుమారు 2,000 కిలోమీటర్లు ఉత్తరానికి, రెజల్యూట్, గ్రీస్ ఫియర్డ్ అనే చోట్లకి తరలించింది. వేట బాగుంటుందనీ, రెండేళ్ళ తర్వాత కావాలంటే తిరిగి రావచ్చనీ చెప్పారు. ఆ మాట నిలబెట్టుకోలేదు. పైగా అందర్నీ ఒకే చోట దింపట్లేదని, వేరు చేస్తున్నారని వాళ్ళకి తెలిసింది ఓడ ఎక్కిన తర్వాతే. ప్రతి ఒక్కరికీ నంబరుంది. ఎవర్ని ఎవరి నుంచి విడదీయకూడదో చెప్పే అంకె మాత్రం ఆ బిళ్ళ మీద లేదు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో.

ఇదంతా చదువుతున్న రోజుల్లోనే ఆఫీసులో ఒక పని నడుస్తోంది. ఊళ్ళు తిరిగి సరుకు అమ్మే కుర్రాళ్ళు ఎక్కడున్నారో చూపించే యాప్. ఒక్కొక్కళ్ళు మ్యాప్ మీద ఒక చుక్క. క్లయింటు కొత్తగా ఒకటి అడిగాడు: రెండు చుక్కలు ఒకే చోట పదిహేను నిమిషాలు దాటి ఉంటే ఎర్రగా చూపించాలి. పని ఎగ్గొట్టి కబుర్లు చెప్పుకుంటున్నారని అర్థం అట. మీటింగులో నేను అడ్డం పడ్డాను. బండి పంక్చరై ఉండొచ్చు, ఒకడు ఇంకొకడికి అన్నం తెచ్చి ఉండొచ్చు, ఇంట్లో ఎవరికో బాగోలేదని చెప్పుకుంటూ ఉండొచ్చు, కలిసి నిలబడటం తప్పెలా అవుతుంది అని. అవతలివైపు నుంచి జవాబు వచ్చింది: ‘నిజమే, కానీ ఆ డేటా మన దగ్గర లేదు కదా.’

‘మన దగ్గర.’ ఆ మనలో నేనున్నాను. చుక్కలు లేవు.

అభ్యంతరం రాసిపెట్టాను. ఆ ఎర్ర రంగు ఇంకా తర్వాతి విడుదల జాబితాలోనే ఉంది, వాదన నడుస్తూనే ఉంది. నిఘా అనగానే రహస్యంగా చెవి పెట్టి వినడం అనుకుంటాం. నేను చూస్తున్నది వేరు. ఈ యాప్‌కి ఎవరి మాటా వినాలని లేదు. ఇద్దరు కలిసి ఉన్నారన్నది చాలు, అది దానికి తేడాగా కనపడుతుంది. నవలలో గుంపుగా నడవడం ప్రమాదమని అందరికీ తెలుసు. ఒక్కళ్ళయితే దాక్కోవడం తేలిక. అయినా కలిసే నడుస్తారు. ఆ ప్రమాదం ఎందుకు కొని తెచ్చుకుంటారో ఈ ఎర్ర చుక్కల వాదన తర్వాత నాకు ఇంకొంచెం బాగా అర్థమైంది.

ఇక్కడ ఒక చిక్కుంది. ‘మనం’ అనే మాటని మరీ ముద్దు చేస్తున్నానేమో అని నాకే అనుమానం వచ్చింది. తెలుగులో ‘మనోళ్ళు’ అంటే ఏమిటో అందరికీ తెలుసు. హైదరాబాదులో అద్దె ఇల్లు వెతికినవాళ్ళని అడగండి. అద్దె ఎంత, నీళ్ళెప్పుడొస్తాయి అన్నవి అయ్యాక, ఇంటి ఓనరు గొంతు తగ్గించి ‘మీరేమిట్లు?’ అంటారు. జవాబు కుదిరితే ‘ఓ, మనోళ్ళే’ అని కాఫీ వస్తుంది. కుదరకపోతే ఆ ఇల్లు ముందే ఎవరికో మాటిచ్చేశారని తెలుస్తుంది. ఏ సర్వరూ లేకుండా, ఏ కెమెరా లేకుండా తరతరాలుగా నడుస్తున్న నిఘా ఇది. ఎవరి తాలూకు, ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఈ మూడు ప్రశ్నలతో మనిషి మొత్తం తేలిపోతాడు. మనది అనుకునే ‘మనం’ ముందు ప్రశ్న అడుగుతుంది, ఆ తర్వాతే తలుపు తీస్తుంది.

డిమలైన్ నియమం దీనికి సరిగ్గా ఎదురు. ముందు తలుపు తీయి, ప్రశ్న అడగకు. కథ దానంతటదే వస్తుంది, రాకపోయినా సరే. ఆ గుంపులో చేరడానికి ఎవరూ తమ వంశం నిరూపించుకోలేదు.

కానీ రచయిత్రి ఈ నియమాన్ని ఊరికే ఇచ్చేయలేదు, ఖరీదు కట్టించారు. దారిలో లింకన్, ట్రావిస్ అని ఇద్దరు కలుస్తారు. వాళ్ళూ ఆదివాసులే. నిప్పు పంచుకుంటారు, తిండి పంచుకుంటారు. తీరా చూస్తే వేటగాళ్ళకి మనుషుల్ని అప్పగించేవాళ్ళు. ఆ రాత్రి రీరీ చచ్చిపోతుంది. ఫ్రెంచీ మొదటిసారి మనిషి మీద తుపాకీ పేలుస్తాడు. అనువాదంలో ఆ ఇద్దరి నోటా నేను ‘మనం’ అనే రాశాను. వాళ్ళు మోసం చేసిందే ఆ మాటతో. రక్తం ఒకటైనంత మాత్రాన ‘మనం’ కాదని ఇంత కఠినంగా చెప్పడం అవసరమా అంటే, అవసరమే అనిపించింది. ఎందుకంటే ఈ నవల ఊహలోనే ఒక ప్రమాదం ఉంది. కలలు మూలుగలో ఉన్నాయంటే, మనిషి గొప్పతనం పుట్టుకలో ఉందన్నట్టే. ఆ మాట మన దగ్గర ఎవరెవరు చెప్పారో, దాంతో ఏం చేశారో తెలిసిన తెలుగు పాఠకుడికి అక్కడ గుటక పడదు. నాకూ పడలేదు. లింకన్, ట్రావిస్‌ల అధ్యాయం వచ్చాకే కాస్త తేరుకున్నాను.

ఈ కథలు భవిష్యత్తువి అంటున్నాం గానీ వలస మొదలై చాలా రోజులైంది. పనామా దేశపు కరీబియన్ తీరంలో గార్దీ సుగ్దుబ్ అనే చిన్న ద్వీపం ఉంది. సుమారు 400 మీటర్ల పొడవు, 150 మీటర్ల వెడల్పు. గుణా అనే ఆదివాసీ తెగ వాళ్ళది. సముద్రం పెరుగుతోంది, జనం పెరిగారు, నిలబడే చోటు లేదు. 2010 ప్రాంతంలోనే వెళ్ళిపోదామని ఊరు అనుకుంది. పదేళ్ళకు పైగా ఎదురుచూశాక, 2024 జూన్‌లో సుమారు 300 కుటుంబాలు ప్రధాన భూభాగంలో ఇస్బెర్యాలా అనే కొత్త ఊరికి మారాయి. ద్వీపంలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే వెదురు, తాటాకు లాంటి ఇళ్ళు. ఇక్కడ వరసగా కట్టిన కాంక్రీటు ఇళ్ళు. అలల చప్పుడు లేదు, పడవ ఎక్కాలంటే నడిచి వెళ్ళాలి.

కొంతమంది ద్వీపం వదిలి రాలేదు. వాళ్ళని ఎవరూ లాక్కురాలేదు కూడా. వచ్చినవాళ్ళు మాత్రం ఊరు ఊరంతా కలిసి వచ్చారు. ఊరి పెద్దలు ఉయ్యాల్లో పడుకుని పాటగా చరిత్ర చెప్పే సభ వాళ్ళ జీవితానికి గుండెకాయ. ఇల్లు మారినా వినేవాళ్ళు ఉంటే ఆ సభ మళ్ళీ కూడుతుంది. 1953 ఓడకీ, 2024 పడవలకీ మధ్య తేడా నాకు ఇక్కడే కనపడింది. రెండుసార్లూ నేల పోయింది. ఒకసారి ఎవరెవరు కలిసి ఉండాలో పైవాళ్ళు తేల్చారు, రెండోసారి వెళ్ళేవాళ్ళే తేల్చుకున్నారు. వాతావరణ వలసల గురించి రాసే రిపోర్టుల్లో ఎంతమంది కదిలారన్న అంకె తప్పకుండా ఉంటుంది. ఎవరు ఎవరితో కదిలారన్నది వెతుక్కోవాలి.

నవల చివర్లో మిగ్ గుంపుకి అడవిలో కొత్తవాళ్ళు ఎదురవుతారు. రీరీ పోయాక, నిప్పు దగ్గరికి ఎవరొచ్చినా చేతులు తుపాకుల మీదికే వెళ్ళే రోజులవి. ఆ కొత్తవాళ్ళలో ఒకాయన క్రీ మాట్లాడతాడు. ఆయన కలలు కూడా ఆ భాషలోనే వస్తాయని తెలిశాక ఫ్రెంచీకి అనుమానం మొదలవుతుంది, ఈసారి మంచి అనుమానం. ఆయన ఐజాక్, స్కూల్లో చచ్చిపోయాడని మిగ్ ఏళ్ళ తరబడి ఏడ్చిన భర్త. ఒకర్నొకరు చూసుకున్న ఆ నిమిషంలో మిగ్ ఏమీ అడగడు. ఎక్కడున్నావు, ఎలా బతికావు, ఇన్నాళ్ళూ ఏమైపోయావు, ఏదీ లేదు. ఐజాక్ ‘వచ్చిన కథ’ మనకి తెలియకుండానే పుస్తకం అయిపోతుంది. మొదటిసారి చదివినప్పుడు ఆ కథ కూడా చెప్పి ఉంటే బాగుండేదనుకున్నాను. రెండోసారి అలా అనిపించలేదు. అది ఆయన కథ.

ఈ నవల ఎవరైనా పూర్తిగా తెలుగులోకి తెస్తే బాగుండు. నేను మాత్రం ఆ చివరి పేజీల వరకే చేసుకున్నాను. మొదటి పేజీ నుంచి ఫ్రెంచీ నోట ‘మేము’ అని రాసుకుంటూ వచ్చినవాణ్ణి, అక్కడికొచ్చాక ‘మనం’ అని రాశాను. వ్యాకరణం ఒప్పుకుంటుందో లేదో తెలీదు. అప్పటికి వాళ్ళతో రెండువందల పేజీలు నడిచాను, ఏమీ అడక్కుండా విన్నాను. ఆ మాత్రం చోటు ఉంటుందనుకున్నాను.